సీసా దెబ్బలు తిన్న పుస్తకం

నేను ఒక లావుపాటి వైద్య పుస్తకాన్ని. తొమ్మిది వందల పేజీలు, దూడతోలు అట్ట, నాలుగు వేళ్ల మందం. ఇప్పుడు ఒక హోమియో కళాశాలలో, మెట్ల పక్కన, గాజు బీరువాలో పడుకుని ఉన్నాను. నా ముందు ఒక చీటీ పెట్టారు. "జర్మనీ దేశపు ప్రాచీన గ్రంథం. నిరంతర అధ్యయనం వల్ల అట్ట అరిగిపోయినది" అని దాని మీద ఉంది. పరీక్షల రోజుల్లో విద్యార్థులు నా అట్ట మీది గుంట వైపు భక్తిగా చూసి, దండం పెట్టుకుని వెళతారు. చదివితే పుస్తకం లోపల నలుగుతుంది గానీ పైన గుంట ఎలా పడుతుందని ఇంతవరకు ఒక్కరూ అడగలేదు. నిజానికి నన్ను చదివిన ఆఖరి మనిషి పోయి రెండు వందల ఏళ్లు దాటింది. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చినవాళ్లంతా నన్ను కొట్టడానికే వచ్చారు.

నేను పుట్టింది జర్మనీలోని సాక్సనీ సీమలో. ఒక బైండింగు కొట్టులో నా కాగితాలను దారంతో కుట్టి, జిగురు పూసి, పైన తోలు తొడిగి, బరువైన రాళ్ల కింద మూడు రోజులు అణిచిపెట్టారు. నా కడుపులో ఆనాటి వైద్యమంతా ఉంది. జ్వరం వస్తే చేతి నరం కోసి రక్తం తీయాలి. తగ్గకపోతే ఇంకొంచెం తీయాలి. తలనొప్పికి జలగలు, కడుపునొప్పికి వాంతి మందు, దేనికీ లొంగని వాటికి పాదరసం. నా మొదటి యజమాని ముసలి వైద్యుడు. నేను ఎలా చెబితే అలా చేసేవాడు. ఆయన చేతిలో బతికినవాళ్లు ఆయన్ని ఊరంతా పొగిడారు. బతకనివాళ్లు ఏమీ అనలేదు. అందుకని ఆయనకు చివరిదాకా మంచిపేరే ఉంది.

ఆ రోజుల్లోనే హానెమన్ అనే వైద్యుడు ఉండేవాడు. నేను ఆయన్ని చూడలేదు, నా తర్వాతి యజమానులు చెప్పుకుంటుంటే విన్నదే. నాలాంటి పుస్తకాలు చెప్పినట్టు చేస్తే రోగులకు మేలుకన్నా కీడే ఎక్కువ జరుగుతోందని ఆయన వైద్యం మానేసి, ఇతర భాషల పుస్తకాలు అనువదించుకుంటూ ఇల్లు గడుపుకునేవాడట. ఒకసారి ఒక స్కాట్లండ్ వైద్యుడి పుస్తకం అనువదిస్తుండగా ఒక వాక్యం దగ్గర ఆగిపోయాడు. సింకోనా చెట్టు బెరడు చలిజ్వరాన్ని ఎందుకు తగ్గిస్తుందో ఆ పుస్తకంలో రాసి ఉంది. ఆ కారణం ఆయనకు నచ్చలేదు. మామూలు అనువాదకుడైతే మనసులో గొణుక్కుని తర్వాతి వాక్యానికి వెళ్లిపోయేవాడు. ఈయన బెరడు తెప్పించి, ఆరోగ్యంగా ఉన్న తన ఒంటి మీదే పరీక్ష మొదలుపెట్టాడు. కాళ్లు చల్లబడ్డాయి, గుండె దడదడలాడింది, చలిజ్వరం వచ్చినట్టే అయిందని రాసుకున్నాడు. ఏ మందు మంచి మనిషిలో ఏ బాధ పుట్టిస్తుందో, ఆ మందు అదే బాధ ఉన్న రోగికి పనిచేస్తుందన్న ఆలోచన అక్కడ మొలిచింది. హోమియోపతికి అదే విత్తనం.

ఇక ఆయనా, ఆయన శిష్యులూ ఒక్కొక్క ఆకూ వేరూ తిని, ఏ గంటకు ఎక్కడ నొప్పి పుట్టిందో, ఏ కల వచ్చిందో వరసగా రాయసాగారు. మందు మోతాదు ఎక్కువైతే ప్రమాదమని తగ్గిస్తూ పోయారు. ఒక చుక్క రసం తొంభై తొమ్మిది చుక్కల స్పిరిట్‌లో కలపడం, సీసాను గట్టిగా కుదపడం, అందులోంచి ఒక చుక్క తీసి మళ్లీ అలాగే కలపడం. ఆ కుదుపు బాగా తగలాలంటే సీసాను గట్టిగానూ మెత్తగానూ ఉన్నదాని మీద కొట్టాలి. తోలు అట్ట పుస్తకం కన్నా ఆ పనికి తగినది ఏముంది?

ముసలి వైద్యుడు పోయాక ఆయన పుస్తకాలు వేలం వేశారు. ఒక కుర్ర డాక్టరు వచ్చి నన్ను తెరవకుండానే, అట్ట మీద వేలితో తట్టి, "ఇది బాగుంది" అన్నాడు. నా చదువును మెచ్చుకున్నాడనుకున్నాను. ఇంటికి తీసుకెళ్లి, బల్ల మీద పెట్టి, సీసాతో ధన్ ధన్‌మని పది దెబ్బలు వేశాడు. నా లోపల రక్తం తీయమని ఉంది. నా పైన రక్తం తీయొద్దనే మందు తయారవుతోంది. కొత్తలో అవమానంగా ఉండేది. పోను పోను అలవాటయింది. ఆయన రోగులు మెట్లెక్కి వచ్చినవాళ్లు మెట్లు దిగి నడిచి వెళ్లడం మాత్రం నేను కళ్లారా చూశాను. మందు పనిచేసిందో, రక్తం తీయకపోవడమే పనిచేసిందో నాకు తెలియదు. తెలుసుకుందామని ఎవరికీ తోచలేదు కూడా.

ఆ డాక్టరు మనవడు పాదిరీ అయ్యాడు. తాతగారి మందుల పెట్టెతో పాటు నన్నూ ఓడలో వేసుకుని మద్రాసులో దిగి, అక్కడి నుంచి నెల్లూరు జిల్లా గూడూరు చేరాడు. ఇరవై ఏళ్లు అక్కడే ఉన్నాడు. ముసలితనం వచ్చి స్వదేశం వెళ్లేటప్పుడు పెట్టెనూ నన్నూ ఒక తాలూకా ఆఫీసు గుమాస్తా చేతిలో పెట్టాడు. ఆయన పేరు పెల్లేటి చెంచురామయ్య. నా కథలో చెప్పుకోదగ్గ భాగం ఆయన ఇంట్లోనే జరిగింది.

చెంచురామయ్య ఉద్యోగం నుంచి దిగిపోయాక, ఇంటి అరుగు మీద కూర్చుని, అడిగినవాళ్లకల్లా గుళికలు ఇచ్చేవాడు. ఏమీ పుచ్చుకునేవాడు కాదు. అయినా ఆఫీసులోని పాత స్నేహితులు ఆయన్ని నీళ్ల డాక్టరు అని పిలిచేవాళ్లు. ఎదురుపడితే గాల్లో సీసా కొడుతున్నట్టు చెయ్యి ఊపి నవ్వేవాళ్లు. ఆయనా నవ్వేవాడు గానీ, ఇంటికి వచ్చాక మందుల పెట్టె తెరిచి సీసాలన్నీ మళ్లీ మళ్లీ తుడిచేవాడు.

ఒకరోజు ఆయన కలకత్తాలో హోమియో వైద్యులు నడిపే మాసపత్రికకు ఉత్తరం రాశాడు. మా సీమలో జ్వరాలకు నేలవేము కషాయం తాగుతారు, దాన్ని హానెమన్ పద్ధతిలో పరీక్షించి పంపితే వేస్తారా అని అడిగాడు. మూడు వారాలకు జవాబు వచ్చింది. 'అయిదుగురు ఆరోగ్యవంతులు పదిహేను రోజులు మందు పుచ్చుకోవాలి. లక్షణాలన్నీ గంటల వారీగా రాయాలి. ఈ నెలాఖరులోగా అందితే ప్రత్యేక సంచికలో మీ పేరుతో వేస్తాము' అని. చెంచురామయ్య ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని రోజుకు మూడుసార్లు తీసి చదువుకునేవాడు. ఆ సంచిక వస్తే తాలూకా ఆఫీసు వరండాలో అందరి ముందూ పెట్టాలని ఆయన కోరిక. అరవై ఏళ్ల మనిషికి అంతకన్నా పెద్ద కోరిక నేను చూడలేదు.

పరీక్షకు అయిదుగురు కుదిరారు. చెంచురామయ్య ఒకడు. బడిలో డ్రాయింగు చెప్పే ఆదిశేషయ్య ఒకడు. పోస్టుమాస్టరు గురవయ్య ఒకడు. మిగతా ఇద్దరూ రైలు స్టేషన్లో టికెట్ గుమాస్తాలు. మందు మొదలుపెట్టిన రోజు నుంచే అందరూ కాఫీ, పొడుం, ఉల్లిపాయ మానెయ్యాలి. ఆ నియమం జర్మనీ నుంచి వచ్చిందే. అక్కడితో ఆగితే బాగుండేది. వాసన తగిలినా మందు చెడుతుందని చెంచురామయ్య ఇంట్లో కాఫీగింజలు వేయించడమే మాన్పించాడు.

ఆయన భార్య పెంచలమ్మ ఊరుకోలేదు. "మందు మింగేది మీరు. కాఫీ మానేది మేమా? ఇదెక్కడి న్యాయమయా?"

"పదిహేను రోజులే గదే. పెద్ద పని చేస్తా ఉండాం."

"నువ్వు చేసేది పెద్ద పనైతే, పొద్దున్నే నాకు కాఫీ లేకపోవడం చిన్న పనా?"

కోడలు వెంగమ్మ ఏమీ అనలేదు. ఆమె ఏదైనా అనడమే అరుదు. భర్త రైల్వే గార్డు కావడంతో వారంలో అయిదు రోజులు బండి మీదే ఉండేవాడు. ఆ ఇంటి ఆచారం ప్రకారం కోడలు మామతో నేరుగా మాట్లాడకూడదు. తలుపు వారగా నిలబడి అత్తకు చెప్పాలి. అత్త మామకు చెప్పాలి. ముగ్గురూ మూడు అడుగుల దూరంలో ఉన్నా అంతే.

"ఏమే, కోడలితో చెప్పు. అందరి రాతలూ శుభ్రంగా ఎత్తి రాసే పని ఆ అమ్మాయిదే. చేతిరాత ముత్యాల మాదిరి ఉండాది."

"ఆ పిల్ల ఈడే నిలబడుండాది. చెవులు బాగానే ఉండాయి" అని పెంచలమ్మ కోడలి వైపు తిరిగి, "రాస్తావంట గదా మే?" అంది.

"రాస్తానని చెప్పండత్తా" అంది వెంగమ్మ.

"రాస్తాదంట" అంది పెంచలమ్మ, ఇద్దరి మధ్యా నలిగిపోతున్నట్టు.

రోజూ ఉదయం నేను అరుగు మీదికి వచ్చేదాన్ని. దెబ్బకు జారిపోకుండా పెంచలమ్మ నన్ను రెండు చేతులతో గట్టిగా పట్టుకునేది. చెంచురామయ్య ఎడమచేతి వేళ్లతో లెక్కపెట్టుకుంటూ పది దెబ్బలు వేసేవాడు. ఆ తర్వాత ఆ మందు చుక్క పట్టించిన చక్కెర గుళికలు తలా నాలుగు మింగేవాళ్లు. సాయంత్రం ఎవరి రాతలు వాళ్లు తెచ్చి చదివేవాళ్లు.

మొదటి రోజు ఎవరికీ ఏమీ కాలేదు. రెండో రోజు నుంచి లక్షణాలు వరదలా వచ్చాయి. ఆదిశేషయ్య కాగితం చూడాలి మీరు. "ఉదయం ఏడు గంటలు, కణతల్లో సమ్మెట దెబ్బలు. ఎనిమిది, పిల్లల మీద కారణం లేని కోపం. పది, నిలబడి ఉండగానే నిద్ర. సాయంత్రం నాలుగు, భార్య మాట్లాడితే గోడకు తల కొట్టుకోవాలనిపించుట."

"ఆ నాలుగోది మందు గుణమేనా అయ్యోరా?" అన్నాడు గురవయ్య. "నాకది పెళ్లయిన కాడ్నించీ ఉండాదే!"

"నువ్వు నీది చదువు ముందు."

గురవయ్య గొంతు సవరించుకున్నాడు. "తలనొప్పి, ఉదయం ఏడు నుంచి. చేతులు వణుకు. తుమ్ములు బొత్తిగా రాకపోవుట."

"తుమ్ములు రాకపోవుటా?" అన్నాడు చెంచురామయ్య కళ్లు పెద్దవి చేసి.

"రోజుకి ముప్పై నలభై వచ్చేయన్నా. ఈ రెండు రోజుల్లో ఒక్కటీ లేదు. ముక్కు ఎవరిదో మాదిరుండాది."

చెంచురామయ్య ఆ మాట కింద రెండు గీతలు గీశాడు. ఆయన తలా పగిలిపోతోంది. కానీ ఆ నొప్పి ఆయనకు పండగలా ఉంది. అయిదుగురికీ ఒకే చోట, ఒకే గంటకు నొప్పి! ఇంత స్పష్టంగా మాట్లాడిన మందు హానెమన్ గారి పుస్తకాల్లో కూడా లేదేమో అన్నాడు. అయిదుగురూ కణతలు పట్టుకుని, ఒకరినొకరు అభినందించుకుంటూ నవ్వారు. మనుషులు తలనొప్పికి అంతగా సంతోషించడం నేను మళ్లీ ఎక్కడా చూడలేదు.

వెంగమ్మ ఆ కాగితాలన్నీ ఎత్తి రాసేది. నిదానంగా రాసేది, మధ్యలో ఆగి ముందు పేజీ తిప్పి చూసేది. ఆరో రోజుకు నొప్పులు తగ్గుముఖం పట్టాయి. పదో రోజుకు దాదాపు పోయాయి. మందు మాత్రం అందరూ రోజూ మింగుతూనే ఉన్నారు. ఆమె అక్కడ చాలాసేపు ఆగింది. ఆ తర్వాత తన పెట్టెలోంచి ఇంకో కాగితం తీసి, అందులో మొదటి నుంచీ రాసుకున్నది సరిచూసుకుంది.

మర్నాడు పొద్దున చెంచురామయ్య సీసా పట్టుకుని వచ్చేసరికి ఆ కాగితం నా మీద ఉంది. పైన "మందు మింగని మనిషి" అని రాసి ఉంది. కింద అందరి కాగితాల్లాగే గంటలు, లక్షణాలు. రెండో రోజు ఉదయం ఏడు, కణతల్లో సమ్మెట దెబ్బలు. ఎనిమిది, విసుగు. ఆరో రోజు తగ్గుట. పదో రోజు లేకపోవుట.

"ఇదెవరిదే?"

"కోడలిది" అంది పెంచలమ్మ. "ఆ పిల్లకీ అట్టనే ఉన్నిందంట."

వెంగమ్మ తలుపు వెనక చెవి ఒగ్గి నిలబడింది. మామకు సంగతి అర్థమవుతుందని ఆమె అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను. చెంచురామయ్య కాగితం రెండుసార్లు చదివాడు. ఆయన ముఖం విప్పారింది.

"చూసినావా! మింగకుండానే! వట్టి వాసనకే! సీసా కొట్టేటప్పుడు మూత సందులోంచి వచ్చే ఆవిరికే ఈ అమ్మాయికి అన్ని లక్షణాలూ వచ్చినాయి! ఇది కూడా రాయాల. ఆరో మనిషి కింద రాయాల!"

ఆ తప్పు చేయగలిగినవాడు హోమియో వైద్యుడొక్కడే. మందు ఎంత తగ్గితే అంత శక్తి అని నమ్మినవాడికి, అసలు లేకపోతే ఇంకెంత శక్తో మరి! తలుపు వెనక వెంగమ్మ నుదురు కొట్టుకుంది. చప్పుడు కాకుండా కొట్టుకుంది.

పదహారో రోజు గురువారం. ఆ సాయంత్రం టపాలో కాగితాలు వెళ్లిపోతేనే నెలాఖరుకు కలకత్తా చేరతాయి. మొత్తం ఎనభై ఏడు లక్షణాలు. మధ్యాహ్నం అయిదుగురూ అరుగు మీద చేరారు. గురవయ్య లక్క, ముద్ర తెచ్చాడు. చెంచురామయ్య కొత్త చొక్కా తొడుక్కున్నాడు. మొదటి నుంచి చివరిదాకా గట్టిగా చదివి, కాగితాలను నా మీద పెట్టి, అంచులు సమంగా తట్టాడు.

అప్పుడు తలుపు దగ్గర గాజుల చప్పుడైంది. "అత్తా, మామతో ఒక మాట చెప్పండి."

"ఇప్పుడేందే? టపాకి టైమైంది" అంది పెంచలమ్మ.

"వాసనకే నాకు తలనొప్పి వచ్చినిందని రాసినారు. నేను తలుపు వెనకాల ఉండేదాన్ని. పుస్తకం పట్టుకొని సీసా కాడ కూర్చునింది మీరు. మీకు నాకన్నా ఎక్కువ రావాల గదా అని అడగండి."

పెంచలమ్మ నోరు తెరిచింది. "ఏమయా, కోడలు అడగతా ఉండాది... వాసనకే ఆ పిల్లకి..." అంటూ సగం చెప్పి ఆగిపోయింది. మిగతా సగం ఎక్కడికి పోతుందో ఆమెకు అప్పుడు తెలిసింది. ఆచారం ప్రకారం ఆ మాట మోయవలసింది కూడా ఆమే.

"చెప్పవే. సగం చెప్పి ఊరుకుంటావా?"

"నాకు ఎక్కువ రావాల గదా అంట" అంది పెంచలమ్మ నేల చూస్తూ.

చెంచురామయ్య ఆలోచించాడు. "నిజమే. నీకేమీ రాలేదా?"

"రాలేదు."

"ఒక్క రోజు కూడానా?"

"నా ఒళ్లు గట్టిది."

గురవయ్య లక్క వెలిగించబోతూ, "ఇంకా ఆలోచనేంది చెంచన్నా, అంటించేద్దాం. వదినమ్మ ఒళ్లు గట్టిదని అందరికీ తెలిసిందే" అన్నాడు.

నేను పెంచలమ్మ చేతులు ఎరుగుదును. పదిహేను రోజులు నన్ను పట్టుకున్న చేతులు. అవి ఇప్పుడు చీర కొంగును మెలిపెడుతున్నాయి. ఆమె మొగుడి కొత్త చొక్కా చూసింది. జేబులో నలిగిపోయిన ఉత్తరం చూసింది. ఆ కాగితాలు అచ్చయ్యాక ఎవరో తప్పు పట్టుకుంటే, తాలూకా ఆఫీసు వరండాలో నవ్వేవాళ్ల సంగతి ఆమెకు బాగా తెలుసు.

"ఆ మంట ఆర్పు గురవయ్యా" అంది. "నేను కాఫీ తాగతానే ఉండా."

గురవయ్య ఉఫ్‌మని మంట ఊదేశాడు.

"తోడుకి పెరుగు తెస్తానని పక్కింటికి పోతా గదా? ఆడ తాగినా. రోజూనూ. రెండు లోటాలు."

"రెండా!" అన్నాడు ఆదిశేషయ్య. ఆ గొంతులో కోపం లేదు, వట్టి ఆకలి.

"మానినోళ్లందరికీ తల పగిలింది. మందు మింగినోళ్లకీ పగిలింది, మింగని కోడలికీ పగిలింది. మానని దాన్ని నేనొక్కదాన్నే. నాకేమీ కాలేదు. అదీ సంగతి. ఆ పిల్ల అయిదారు రోజుల్నించీ చెప్పాలని చూస్తా ఉండాది."

చెంచురామయ్య కాగితాలు మళ్లీ ముందుకు లాక్కున్నాడు. తర్వాత పెన్సిల్ తీసుకున్నాడు. ఉదయం ఏడింటి తలనొప్పి కొట్టేసి, "కాఫీ" అన్నాడు. చేతుల వణుకు కొట్టేసి, "కాఫీ" అన్నాడు. నిలబడి నిద్ర, కాఫీ. తుమ్ములు రాకపోవుట దగ్గర గురవయ్య తనంతట తానే, "అది పొడుమన్నా" అన్నాడు. భార్య మాటల సంగతి వచ్చేసరికి ఆదిశేషయ్య దాన్ని ఉంచమని బతిమాలాడు గానీ అదీ పోయింది. ఎనభై ఏడింటిలో పదకొండు మిగిలాయి.

"పంపించెయ్యన్నా" అన్నాడు గురవయ్య మెల్లగా. "కలకత్తాలో ఎవరికి తెలస్తాది?"

"నాకు తెలిసిపోయింది గదా" అన్నాడు చెంచురామయ్య.

ఆ సాయంత్రం టపాలో ఎనభై ఏడు లక్షణాలు వెళ్లలేదు. ఒక ఉత్తరం వెళ్లింది. జరిగిందంతా అందులో రాశాడు, రెండు లోటాల కాఫీతో సహా. ప్రత్యేక సంచికకు అందించలేకపోయినందుకు క్షమించమన్నాడు. గురవయ్య సంచీ మూతి కట్టి వెళ్లగానే పెంచలమ్మ లోపలికి వెళ్లి కాఫీగింజలు వేయించింది. ఆ వాసనకు మిగిలిన నలుగురు మగవాళ్లూ అరుగు మీద కళ్లు మూసుకున్నారు.

తర్వాత నెల చెంచురామయ్య బయటికే వెళ్లలేదు. ప్రత్యేక సంచిక నేలవేము లేకుండానే వచ్చింది. ఆయన దాన్ని చూడలేదు. ఆ పై నెల సంచిక వచ్చినప్పుడు గురవయ్య సంచీ కూడా దించకుండా పరుగెత్తుకొచ్చాడు. వెనక పేజీలో, చిన్న అక్షరాల్లో, నాలుగే పంక్తులు. 'మందు పరీక్షించేవారు కాఫీని అదే రోజు మానితే ఎలాంటి పొరపాటు జరుగుతుందో గూడూరు చెంచురామయ్య గారు సూచించారు. ఇకపై పదిహేను రోజుల ముందే మానాలి' అని. దానితో పాటు ఒక ఉత్తరం. 'పరీక్ష మళ్లీ చేయండి. మందు మింగని మనిషి రాతలు కూడా పంపండి. ఆ ఆలోచన చేసిన వారి పేరు తెలియజేయండి. దాన్నీ అచ్చు వేస్తాము' అని.

చెంచురామయ్య నాలుగు పంక్తులూ నాలుగుసార్లు చదివాడు. తర్వాత ఉత్తరం పట్టుకుని లేచి, తలుపు దాకా నడిచాడు. పెంచలమ్మ అలవాటు చొప్పున వాళ్ల మధ్యకు వచ్చి నిలబడింది. ఆయన ఆమెను పక్కకు జరగమని చెయ్యి ఊపాడు.

"అమ్మాయ్, నీ పేరు ఇంగ్లీషులో ఎట్ట రాయాల్నో నువ్వే రాసియ్యి" అన్నాడు.

"నాకు ఇంగ్లీషు రాదు మామా" అంది వెంగమ్మ. మొదటి మాట అలా వచ్చింది. ముగ్గురూ నవ్వేశారు.

రెండో పరీక్ష మొదలైంది. పదిహేను రోజుల ముందే అందరూ కాఫీ మానారు. ఒక్క పెంచలమ్మ మానలేదు. అంతేకాదు, పుస్తకం పట్టే ఉద్యోగానికి రాజీనామా ఇచ్చేసింది. ఆ చోట వెంగమ్మ వచ్చి కూర్చుంది. ఆమె చేతులు సన్నగా ఉన్నా గట్టివి. చెంచురామయ్య సీసా ఎత్తి తొమ్మిది దెబ్బలు వేశాడు. పదోదానికి చెయ్యి లేపాడు.

"మామా, ఒకటి అడగొచ్చా?"

"అడుగమ్మా."

"ఈ తూరి కొందరికి మందుండే గుళికలు, కొందరికి వట్టి చక్కెర గుళికలు ఇస్తే ఎట్టుంటాది? ఎవరికేది ఇచ్చినామో వాళ్లకి తెలియకూడదు. మీకు కూడా తెలియకూడదు. నేను రాసి దాచిపెడతా. పదిహేను రోజులయినాక రెండు రకాల రాతలూ పక్కపక్కన పెట్టి చూద్దాం."

లేచిన చెయ్యి లేచినట్టే ఉండిపోయింది. ఆయన సీసా వైపు చూశాడు, పాదిరీ ఇచ్చిన పెట్టె వైపు చూశాడు. అరుగు మీద రోజూ గుళికలు ఇచ్చిన ఏళ్లన్నీ ఆయన కళ్ల ముందు వరస కట్టినట్టు ముఖం రంగు మారింది. వంటింట్లోంచి పెంచలమ్మ, "ఆ వట్టి చక్కెర నాకియ్యి మే, కాఫీలో ఏసుకుంటా" అని అరిచింది.

చెంచురామయ్య ముందు పెదవుల్లో నవ్వాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. సీసాను కొట్టకుండా, మెల్లగా, నా పక్కన నేల మీద పెట్టాడు.

"ఎట్ట చెయ్యాల్నో అంతా కాగితం మీద పెట్టు" అన్నాడు. "ఆదిశేషయ్య అయ్యోరొచ్చే లోపల."

వెంగమ్మ నన్ను ఒళ్లోకి లాక్కుని, నా అట్ట మీద కాగితం పరుచుకుని, రాయడం మొదలుపెట్టింది. ఎన్నో ఏళ్లుగా దెబ్బలు తిన్నదాన్ని కదా, ఆ కలం బరువు నాకు తెలియనే లేదు.